ఓడ మీద దిగడం మాకు నేర్పండి: విమాన సిమ్యులేటర్ల తయారీదారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులారా,

ఇళ్లలో కంప్యూటర్ ముందు కూర్చుని విమానాలు నడిపే మాలాంటివారి కోసం సిమ్యులేటర్లు తయారుచేస్తున్న సంస్థలకూ, వాటికి కోడ్ రాసేవారికీ, శిక్షణ పాఠాలు కూర్చేవారికీ ఈ లేఖ. విషయం ఒక్కటే: విమానవాహక నౌక మీద నుంచి ఎగరడం, మళ్లీ వచ్చి దాని మీదే దిగడం.

మీరు ఇప్పటికే చేసింది తక్కువేమీ కాదు. ఎక్స్-ప్లేన్‌లో విమానాన్ని ఓడ మీద నుంచి విసిరి ఎగరేసే కాటపల్టూ, దిగిన విమానాన్ని పట్టి ఆపే తీగలూ ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. 2007లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌కు వచ్చిన యాక్సిలరేషన్ విస్తరణ, అప్పటిదాకా ప్రయాణికుల విమానాలే నడిపిన ఎంతోమంది చేతికి ఎఫ్/ఏ-18 యుద్ధవిమానాన్ని ఇచ్చింది. ఫ్లైట్‌గేర్ అమెరికా విమానవాహక నౌక నిమిట్జ్‌ను ఉచితంగానే అందిస్తోంది. 2020లో డీసీఎస్ వరల్డ్‌కు సూపర్‌క్యారియర్ అనే అదనపు భాగం వచ్చాక డెక్ మీద, అంటే ఓడ పై తలం మీద, మనుషులు కనిపించారు. పసుపు చొక్కా వేసుకున్నవారు చేతులతో దారి చూపిస్తుంటే విమానాన్ని అంగుళం అంగుళం జరుపుకుంటూ కాటపల్ట్ దాకా తీసుకెళ్లడం ఎంత బాగుంటుందో చేసినవారికే తెలుసు. ఇవన్నీ చేసిన మీ చేతులకు నమస్కారం పెట్టిన తరువాతే అసలు మాట చెబుతున్నాను.

మీ సిమ్యులేటర్లు ఓడ మీద దిగడాన్ని పరీక్షగా పెడుతున్నాయి గాని పాఠంగా చెప్పడం లేదు. సాధారణంగా జరిగేది ఇది: విమానం ఓడకు కొన్ని మైళ్ల వెనుక గాలిలో ప్రత్యక్షమవుతుంది. చక్రాలు దించు, హుక్ (తీగను పట్టే కొక్కెం) దించు, దిగు అని తెర మీద అక్షరాలు కనిపిస్తాయి. నిమిషం తిరిగేలోగా తీగ అందుతుంది, లేదా విమానం ఓడ వెనుక గోడకు తగిలి పేలిపోతుంది. అందితే అభినందన, లేకపోతే మళ్లీ మొదలుపెట్టమనే మీట. ఈత నేర్పకుండా నడి ఏట్లో దింపితే ఒడ్డుకు చేరినవాడు ఎలా చేరాడో వాడికే తెలియదు. ఇక్కడా అంతే. తీగ అందినవారికి ఎందుకు అందిందో తెలియదు, అందనివారికి ఎక్కడ తప్పిందో తెలియదు.

అసలు నౌకాదళాలు దీన్ని ఎలా కొలుస్తాయో గమనించండి. అమెరికా నౌకాదళంలో దిగే ప్రతి విమానాన్నీ డెక్ అంచున నిలబడిన ల్యాండింగ్ సిగ్నల్ ఆఫీసర్ కళ్లారా చూసి మార్కులు వేస్తాడు. ఆయన్ను క్లుప్తంగా ఎల్ఎస్ఓ అంటారు. చక్కగా వచ్చి దిగితే 4. చిన్నచిన్న లోపాలు కనిపించి, వాటిని సరిదిద్దుకుంటూ వస్తే 3. తీగ ఏదీ దొరకక డెక్ తాకి మళ్లీ గాలిలోకి లేస్తే, అంటే బోల్టర్ అయితే, 2.5. తీగ దొరికినా వచ్చిన తీరు సగటు కంటే తక్కువగా ఉంటే 2. దిగవద్దని ఎల్ఎస్ఓ పైకి పంపేయవలసివస్తే 1. ప్రమాదం అంచుకు వెళ్లి దిగితే సున్నా.

ఇందులో 2.5కూ 2కూ ఉన్న తేడా చూడండి. తీగ అందని బోల్టర్‌కు ఎక్కువ మార్కులు, తీగ అందినా వంకరగా వచ్చిన రాకకు తక్కువ మార్కులు. ప్రాణాలతో వ్యవహరించేవారు దశాబ్దాల అనుభవంతో పెట్టుకున్న లెక్క ఇది. ఒడిదుడుకుల మధ్య అదృష్టవశాత్తూ తీగ అందినవాడు రేపు అలాగే వచ్చి డెక్ అంచుకు గుద్దుకోవచ్చు. నిలకడగా వచ్చి హుక్ తీగ మీది నుంచి ఎగిరిపోయినవాడు మరో చుట్టు తిరిగి వచ్చి క్షేమంగా దిగుతాడు. మీ పాఠాల్లో చాలా వరకు ఈ లెక్క తలకిందులైంది. డెక్‌కు అడ్డంగా ఉన్న తీగల్లో గురిగా పెట్టుకునే మూడోది అందితే పూర్తి మార్కులు, బోల్టర్ అయితే విఫలం. ఆ అలవాటు మాకు ఏం నేర్పుతుందో ఆలోచించండి. చివరి క్షణంలో ముక్కు కిందికి వంచి డెక్ మీదికి దూకడం నేర్పుతుంది. అసలైన ఓడ మీద ఎల్ఎస్ఓ బాగా అసహ్యించుకునే పనుల్లో అది ఒకటి.

తీగ సంఖ్య ఒక్కటే ఎందుకు చాలదో లెక్కలోనే తెలుస్తుంది. తీగకూ తీగకూ మధ్య దూరం ఇంచుమించు 12 మీటర్లు. విమానం మూడున్నర డిగ్రీల వాలులో దిగుతుంది. అంటే హుక్ ఎత్తులో ముప్పావు మీటరు కంటే తక్కువ తేడా వస్తే చాలు, ఒక తీగ మారిపోతుంది. చివరి సెకనులో ఒక చిన్న గాలి తెర ఆ తేడా తేగలదు. అంతకుముందు పదిహేను పద్దెనిమిది సెకన్ల పాటు పైలట్ చేసిన పని ఆ సంఖ్యలో కనిపించదు. ఆ సెకన్లలోనే ఇంకో సంగతి నడుస్తుంటుంది. దిగే డెక్ ఓడ పొడవుకు సుమారు 9 డిగ్రీల కోణంలో ఎడమవైపుకు మళ్లి ఉంటుంది. ఓడ 25 నాట్ల వేగంతో ముందుకు పోతుంటే, మనం గురిపెట్టుకున్న మధ్యగీత సెకనుకు దాదాపు 2 మీటర్ల చొప్పున కుడివైపు జరిగిపోతూ ఉంటుంది. పదిహేను సెకన్లలో 30 మీటర్లు! కొత్తవారిలో ఎక్కువమంది గీతకు ఎడమవైపు తేలిపోయేది ఇందుకే. ఈ ఒక్క వాక్యం మీ పాఠంలో ఉంటే ఎంతమందికి ఎన్ని సాయంత్రాల విసుగు తప్పేదో.

అందుకే నా మొదటి కోరిక: దిగిన తరువాత మా రాకను మాకు చూపించండి. పక్క నుంచి చూస్తే వాలు గీత ఎలా సాగింది, పై నుంచి చూస్తే మధ్యగీతకు ఎంత దూరంలో ఉన్నాం, రెక్కకు గాలి తగిలే కోణం ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది. ఈ మూడింటితో పాటు థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని మార్చే మీట) కదలికల గీత తప్పనిసరిగా కావాలి. ఓడ మీద దిగేటప్పుడు ఎత్తును సరిదిద్దేది ప్రధానంగా ఇంజిన్ శక్తితోనే. కిందికి జారుతుంటే శక్తి పెంచాలి, వాలు అందుకోబోతుండగా కాస్త ఎక్కువే తగ్గించాలి, తిరిగి నిలకడకు సరిపోయేంత చేర్చాలి. మొత్తం మూడు కదలికలు. కొత్తవారు మొదటిది మాత్రమే చేసి ఆగిపోతారు, దాంతో విమానం వాలు దాటి పైకి తేలుతుంది. ఈ తప్పు ఆకాశంలో కనిపించదు, థ్రాటిల్ గీతలో మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. కొందరు ఔత్సాహికులు తమ ఖాళీ సమయంలో స్క్రిప్టులు రాసి ఇలాంటి పటాలు గీయిస్తున్నారు, ఎల్ఎస్ఓ మాటలతో సహా మార్కులు వేయిస్తున్నారు. వారి పనితనం గొప్పది. అయితే అది విడిగా వెతుక్కుని, అమర్చుకోగలిగినవారికే అందుతోంది. కొత్తగా చేరినవారికి అది మీ నుంచే, మొదటి రోజే అందాలి.

రెండో కోరిక నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మమ్మల్ని ముందు నేల మీద సాధన చేయనివ్వండి.

నిజమైన పైలట్లు ఓడ దగ్గరికి నేరుగా వెళ్లరు. వర్జీనియాలోని ఫెంట్రెస్‌లో, వాషింగ్టన్ రాష్ట్రంలోని కూప్‌విల్‌లో, పసిఫిక్‌లోని ఇవో జిమా దీవిలో అమెరికా నౌకాదళ పైలట్లు రన్‌వే మీదే ఓడ డెక్‌ను ఊహించుకుని సాధన చేస్తారు. రన్‌వే మీద డెక్ ఆకారంలో దీపాలు ఉంటాయి. పక్కన ఓడ మీద ఉండేలాంటి, దిగే వాలును చూపే దీపపు కటకం ఉంటుంది. ఎల్ఎస్ఓ అక్కడే నిలబడి ప్రతి రాకకూ మార్కులు వేస్తాడు. విమానం నేల తాకుతుంది, పూర్తి శక్తితో లేస్తుంది, 600 అడుగుల ఎత్తులో చుట్టు తిరిగి మళ్లీ వస్తుంది. సాధన పూర్తయిన కొద్ది రోజుల్లోనే ఓడకు వెళ్తారు, చేతికి ఆ లయ తప్పకముందే.

ఇది మీకు పెద్ద ఖర్చుతో కూడిన పని అనుకోను. రన్‌వేలు మీ దగ్గర వేలకొద్దీ ఉన్నాయి. కటకం, ఎల్ఎస్ఓ గొంతు ఓడతో పాటే తయారై ఉన్నాయి. వాటిని తెచ్చి ఒక రన్‌వే పక్కన పెట్టండి. మొదట గాలి లేని పగలు, తరువాత పక్కగాలి, తరువాత రాత్రి. నేల కదలదు కాబట్టి నేర్చుకునేవాడు ఒక్కో విషయాన్ని విడిగా పట్టుకోగలుగుతాడు. అది పట్టుబడ్డాక ఓడకు పంపండి. అప్పుడు కొత్తగా వచ్చి చేరేది కదిలే డెక్ ఒక్కటే. సిమ్యులేటర్లు కొన్నవారిలో ఎందరో ఓడ జోలికి రెండు మూడు సార్లు వెళ్లి, మనవల్ల కాదని వదిలేయడం నేను చూస్తూ వచ్చాను. వారిలో లోపమేమీ లేదు. వారికి ఒక మెట్టు తక్కువైంది, అంతే.

ఇక కంటి సంగతి. దిగే వాలును చూపించేది డెక్ ఎడమ పక్కనున్న దీపపు కటకం. పచ్చ దీపాల అడ్డవరుసకు సమానంగా పసుపు వెలుగు కనిపిస్తే వాలు మీద ఉన్నట్టు, పైన ఉంటే ఎత్తులో, కింద ఉంటే పల్లంలో ఉన్నట్టు. అట్టడుగుకు చేరితే ఎరుపు, ఇక క్షణం ఆలస్యం చేయకూడదు. పైలట్లు ఆ వెలుగును బాల్ అంటారు. ఓడకు ముప్పావు నాటికల్ మైలు దూరంలో, అంటే సుమారు 1,390 మీటర్ల దగ్గర, అది కనిపిస్తోందని రేడియోలో చెప్పాలి. ఇప్పుడు మా తెర లెక్క చూడండి. 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెర మీద 80 డిగ్రీల దృశ్యం చూపిస్తే, అంత దూరంలో రెండు మీటర్ల ఎత్తున్న వస్తువు రెండు పిక్సెళ్లకు మించి రాదు. అందులో పసుపు వెలుగు పచ్చ వరుసకు పైనుందో కిందుందో ఏ కన్నూ చెప్పలేదు. పైలట్ మామూలు కంటికి తెలిసే తేడా మా తెరలో మాయమవుతోంది.

కొన్ని సిమ్యులేటర్లు తెర మూలలో కటకాన్ని పెద్దది చేసి చూపిస్తున్నాయి. అది సరైన పని. దాన్ని మోసమని చిన్నచూపు చూసేవారి మాట పట్టించుకోకండి. తెర తీసేసుకున్నదాన్ని అది తిరిగి ఇస్తోంది. కాకపోతే ఆ బొమ్మ మూలన ఉండటంతో మా చూపు డెక్ మీది నుంచి తప్పిపోతోంది. ఓడ మీద దిగేవాడి కళ్లు బాల్, మధ్యగీత, గాలి కోణం చూపే దీపాలు, ఈ మూడింటి మధ్యే తిరుగుతూ ఉండాలి. వెలుగును అది ఉన్న చోటే, దూరాన్ని బట్టి పెంచి చూపించే ఏర్పాటు మేలు. దగ్గరయ్యేకొద్దీ దాని అసలు పరిమాణానికి రావాలి. తల మీద పెట్టుకునే వీఆర్ అద్దాల్లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ, అక్కడ డిగ్రీకి దొరికే పిక్సెళ్లు చాలా అద్దాల్లో ఇంకా తక్కువ.

కంటికి ఇంత భారం పడటానికి ఇంకో కారణం ఉంది. విమానం కుంగుతుంటే నిజమైన పైలట్ శరీరానికి తెలుస్తుంది. మాకు కుర్చీ కదలదు. కాబట్టి మాకు మిగిలిన రెండో ఇంద్రియం చెవి. ఇంజిన్ శక్తిలోని చిన్న మార్పు కూడా శబ్దంలో నమ్మకంగా వినిపిస్తే ఎత్తు తప్పుతున్న సంగతి బాల్ కంటే ముందే తెలుస్తుంది. పాత ఎఫ్-4 ఫాంటమ్‌లో గాలి కోణాన్ని పైలట్ చెవికి వినిపించే ధ్వని ఉండేది. కావాలనుకున్నవారికి ఏ విమానంలోనైనా అలాంటి ధ్వని పెట్టుకునే వీలు ఇవ్వండి. చూపు కాస్త తీరిక పొందుతుంది.

సాయాల గురించి మాట్లాడుకుంటే కొందరు ముఖం చిట్లిస్తారు, నిజంలో ఇలాంటివి లేవంటారు. నిజంలో ఉన్నాయి. ఎఫ్/ఏ-18లో కొత్త తరమైన సూపర్ హార్నెట్‌లో ప్రెసిషన్ ల్యాండింగ్ మోడ్ వచ్చింది. పైలట్ విమానాన్ని నడిపే కర్రను కదిపితే కంప్యూటర్ రెక్కల మీది పలకలనూ, ఇంజిన్ శక్తినీ కలిపి సవరించి విమానాన్ని కోరిన వాలు మీద నిలుపుతుంది. పాత పద్ధతిలో చివరి సెకన్లలో వందల కొద్దీ చేయాల్సి వచ్చిన సవరణలు దీనితో బాగా తగ్గాయి. ఎఫ్-35సీలోనూ అదే తరహా ఏర్పాటు ఉంది. నౌకాదళమే తన పైలట్ల పని తేలిక చేసుకుంటున్నప్పుడు, చిన్న థ్రాటిల్‌తోనో గేమ్‌ప్యాడ్‌తోనో నడిపేవాడికి ఒక మెట్టు సాయం ఇవ్వడంలో తప్పేముంది? ఆ సాయాన్ని దశలవారీగా తగ్గించుకుంటూ పోయే దారి ఉంటే చాలు. ఏ సాయంతో దిగాడో మార్కుల పక్కన రాసి పెట్టండి.

గాలి విషయంలో మాత్రం మిమ్మల్ని సడలింపు అడగను. ఓడ కదులుతూ, పైన కట్టడంతో గాలిని చీల్చుకుంటూ పోతుంటే దాని వెనుక గాలి సుడులు తిరుగుతుంది. డెక్ అంచుకు కాస్త ముందు విమానం ఉన్నట్టుండి కుంగుతుంది. పైలట్లు దీనికి ముందే సిద్ధపడి శక్తి చేర్చుకుంటారు. సముద్రం అలజడిగా ఉంటే డెక్ వెనుక భాగం లేచి పడుతుంది. బాల్‌ను అంటిపెట్టుకోవడం కష్టమవుతుంది, ఎల్ఎస్ఓ మాటే ఆధారమవుతుంది. చాలా సిమ్యులేటర్లలో ఓడ వెనుక గాలి సరస్సు మీది గాలిలా ప్రశాంతంగా ఉంటుంది, తుపానులోనూ డెక్ బల్లలా నిలబడి ఉంటుంది. నేర్పించే దశలో అది సబబే. నేర్చుకున్నవాడికి మాత్రం అసలు గాలి రుచి చూపించండి.

ఎగరడం గురించి. బయటి నుంచి చూస్తే అక్కడ నేర్చుకోవడానికి ఏమీ లేదనిపిస్తుంది, మీట నొక్కితే ఆవిరి కాటపల్ట్ విసిరేస్తుంది కదా అని. దాదాపు 94 మీటర్ల పరుగులో, రెండు మూడు సెకన్లలో, గంటకు 260 కిలోమీటర్ల దరిదాపుల వేగం. ఆ విసురుకు ముందు జరిగే పనిలోనే విద్య అంతా ఉంది. విమానం బరువు ఎంతో రాసిన పలకను డెక్ సిబ్బంది పైకెత్తి చూపిస్తారు, పైలట్ అవునని సైగ చేయాలి. ఆ అంకెను బట్టే కాటపల్ట్ బలం నిర్ణయిస్తారు. తక్కువైతే విమానం చాలినంత వేగం లేకుండా డెక్ చివర నుంచి సముద్రంలోకి జారుతుంది, ఎక్కువైతే విమానం దెబ్బతింటుంది. ఎఫ్/ఏ-18సీలో బరువును బట్టి తోక రెక్కలను 16 నుంచి 19 డిగ్రీల మధ్య ముందే అమర్చుకోవాలి. తరువాత పైలట్ కుడి చేయి కర్రను వదిలి పైనున్న పిడిని పట్టుకుంటుంది. విమానం తనంతట తానే ముక్కు లేపుకుంటుంది.

మాలో చాలామంది డెక్ చివరకు వస్తుండగానే జాయ్‌స్టిక్‌ను గట్టిగా లాగుతారు, నేల మీది అలవాటు కొద్దీ. విమానం తూలుతుంది, ఎందుకు తూలిందో తెలియదు. పాఠంలో చేయి తీయమని ఒక్క మాట, లాగితే ఆ సంగతి తరువాత చెప్పే ఒక్క వాక్యం కావాలి. బరువు పలకను అలంకారంగా కాకుండా పనిచేసేలా పెట్టండి. తప్పు అంకెకు తల ఊపినవాడికి తప్పు ఫలితం రావాలి. కాటపల్ట్ లేకుండా, ముందు భాగం పైకి వంపు తిరిగిన డెక్ మీద నుంచి విమానాలు సొంత ఇంజిన్ బలంతోనే లేచే రష్యా కుజ్‌నెత్సోవ్, భారత విక్రమాదిత్య వంటి ఓడల దారి వేరు. అక్కడ బరువు మోయగల హద్దు తెలుసుకోవడమే మొదటి పాఠం. దానికీ చోటివ్వండి.

రాత్రి రాక గురించి ఎంతైనా రాయవచ్చు, క్లుప్తంగా చెబుతాను. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా పైలట్ల గుండె వేగాన్ని కొలిచినప్పుడు, బాంబులు వేసేటప్పటి కంటే ఓడ మీద నుంచి లేచేటప్పుడు, దిగేటప్పుడే అది ఎక్కువగా కనిపించింది. చీకట్లో విమానాలు ఓడ వెనుక ఒకదానిపై ఒకటి వరుసగా తిరుగుతూ, నిమిషానికొకటి చొప్పున కిందికి రావడంలో ఓ క్రమం ఉంది. 6,000 అడుగుల ఎత్తులో తిరిగే విమానం ఓడకు 21 మైళ్ల దూరంలో ఉండాలి, 7,000 అడుగులైతే 22 మైళ్లు. ఇలా సులువుగా గుర్తుండే లెక్క అది. ఈ వరుసలో ఒంటరిగా ఆడేవాడికి కూడా ముందొక విమానం, వెనుకొక విమానం ఉన్నట్టు అనిపించేలా చేయండి. సమయానికి కదలడం అప్పుడే అలవడుతుంది.

1911 జనవరిలో అమెరికా పైలట్ యూజీన్ ఎలీ పెన్సిల్వేనియా యుద్ధనౌక మీద కట్టిన చెక్క వేదికపై దిగినప్పుడు, ఇసుక సంచులు కట్టిన తాళ్లు అతని విమానాన్ని ఆపాయి. 1917 ఆగస్టులో బ్రిటిష్ పైలట్ ఎడ్విన్ డన్నింగ్ కదులుతున్న ఫ్యూరియస్ నౌక మీద దిగి చరిత్రకెక్కాడు, వారం తిరగకముందే మరో ప్రయత్నంలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తరువాత వచ్చిన, కోణంగా పక్కకు మళ్లిన డెక్, అద్దపు దీపం, ఎల్ఎస్ఓ మార్కులు, నేల మీద సాధన, అన్నీ అలాంటి నష్టాల నుంచి పుట్టినవే. వాటిలో డెక్‌నూ దీపాన్నీ మీరు మాకు ఇచ్చారు. మార్కులు, సాధన మిగిలాయి.

వచ్చే విడుదలలో ఇవన్నీ ఒకేసారి చేయలేరని తెలుసు. ఒక్కటే చేయగలిగితే రన్‌వే పక్కన ఆ కటకాన్ని పెట్టండి, ఎల్ఎస్ఓ చేత మార్కులు వేయించండి, బోల్టర్‌కు 2.5 ఇవ్వండి. మీరు పరీక్షా ప్రతిని విడుదల చేసిన రోజున దాన్ని ప్రయత్నించి, లోపాలు రాసి పంపడానికి నాలాంటివారు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఓడ మీద దిగడాన్ని ఇంట్లో కూర్చుని నేర్చుకుంటున్న ఒక పాఠకుడు